మీ తెరే తప్పండీ!

డైలాగ్ బాక్సులో 'సరే' బటన్ కనిపించడం లేదని ఫిర్యాదు చేసేవాళ్ళకు విశ్వాసం లేదు. బటన్ ఉంది. ప్రోగ్రామర్ దాన్ని శ్రద్ధగానే పెట్టాడు. తెర అంచుకు దిగువన, టాస్క్‌బార్ వెనకాల, అది క్షేమంగానే ఉంది. చూడలేకపోవడం మీ తెర చేసుకున్న పాపం. ట్యాబ్ మీట నాలుగైదుసార్లు నొక్కి, ఇష్టదైవాన్ని తలుచుకుని ఎంటర్ కొట్టండి, పని జరిగినా జరుగుతుంది. కంటికి కనిపించనివాటికి దండం పెట్టే అలవాటు మనకు తరతరాలుగా ఉన్నదే. ఒక్క సాఫ్ట్‌వేర్ దగ్గరే నాస్తికత్వం దేనికి?

ఈ లీల పేరు స్కేలింగ్. తెర మీద అక్షరాలు, బటన్లు మరీ చీమల్లా ఉన్నప్పుడు 125 శాతానికో 150 శాతానికో పెంచుకునే ఏర్పాటు. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే దగ్గరికి వెళ్ళి పెంచుకోవడం వరకే మన చేతిలో పని. పెంచాక ఏ ప్రోగ్రామ్ ఏమవుతుందన్నది దాన్ని రాసినవాడి మనస్సాక్షిని బట్టి ఉంటుంది. ఒకటి పొందికగా పెరుగుతుంది. ఒకటి మసకబారుతుంది. ఒకటి అక్షరాలను పెంచి, అవి ఉండాల్సిన పెట్టెను మాత్రం పాత కొలతలోనే ఉంచుతుంది. మరొకటి మనం ఏమీ అడగనట్టే, ఎప్పటిలాగే ఇంతింత ఐకాన్లతో కూర్చుంటుంది. నాలుగూ ఒకే తెర మీద, పక్కపక్కనే. ఇంత వైవిధ్యం డబ్బు పెట్టి కొన్నా దొరకదు.

దీనికంతటికీ మూలపురుషుడు 96 అనే అంకె. 1984 నాటి ఆపిల్ మ్యాకింతోష్ తెర అంగుళానికి 72 చుక్కలు. అచ్చుపనిలో పాయింటంటే అంగుళంలో 72వ వంతు కాబట్టి, తెర మీది పాయింటూ కాగితం మీది పాయింటూ ఒకటయ్యాయి. మైక్రోసాఫ్ట్ వాళ్ళు ఇంకో రకంగా ఆలోచించారు. కాగితాన్ని దగ్గరగా పట్టుకుని చదువుతాం, తెర కాస్త దూరంగా ఉంటుంది, అంచేత తెర మీద అక్షరం మూడో వంతు పెద్దగా ఉండాలన్నారు. 72కి మూడో వంతు కలిపితే 96. అప్పటికి తెలివైన లెక్కే. ఆ తర్వాతే అది లెక్కగా ఉండటం మానేసి శిలాశాసనమైంది.

24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్‌లో అంగుళానికి 92 పిక్సెళ్ళు. 96కి దగ్గరే, గొడవ లేదు. ఆ పిక్సెళ్ళనే 15.6 అంగుళాల ల్యాప్‌టాప్‌లో సర్దితే 141. 27 అంగుళాల 4కె మానిటరైతే 163. 15.6 అంగుళాల్లోనే 4కె కూరితే 282. తెరలు ఎక్కడికో వెళ్ళిపోయాయి. కోడ్‌లో మాత్రం చింత చచ్చినా పులుపు చావలేదు, ఆ 96 అలాగే ఉంది. ఇదేదో నిన్నగాక మొన్న వచ్చిన ఉపద్రవమని సాకు చెబుతారేమో, అదీ కుదరదు. 2001లోనే ఐబీఎం 22 అంగుళాల తెరలో 3840 బై 2400 పిక్సెళ్ళు పెట్టి అమ్మింది, అంగుళానికి 204 చొప్పున. పరిశ్రమకు ఉత్తరం ఆనాడే అందింది. విప్పి చదవడానికి తీరిక దొరకలేదు, అంతే.

పోనీ, పనిముట్లు లేక ఇలా చేశారా అంటే, అదీ కాదు. ఈ కథలో నాకు అన్నిటికన్నా ముద్దొచ్చే భాగం ఇదే. విండోస్ తొలినాళ్ళ నుంచీ డైలాగ్ బాక్సులకు పిక్సెళ్ళు కాకుండా వేరే కొలత ఉంది: ఫాంటులోని అక్షరం సగటు వెడల్పులో నాలుగో వంతు, ఎత్తులో ఎనిమిదో వంతు. ఫాంటు పెరిగితే పెట్టే పెరుగుతుంది. విజువల్ బేసిక్‌లో కొలత పేరు ట్విప్, అంగుళంలో 1440వ వంతు. ఒక పిక్సెల్‌కి ఎన్ని ట్విప్పులో కావాలంటే స్క్రీన్‌నే అడగవచ్చు. 96 డీపీఐ (అంగుళానికి 96 చుక్కలు) ఉన్నప్పుడు 15 అంటుంది, 125 శాతానికి పెంచితే 12 అంటుంది. అడగడమే మన వంతు. మనవాళ్ళు ఒకే ఒక్కసారి అడిగారు, 15 అని విన్నారు, ఆ 15ను కోడ్ నిండా చల్లేశారు. అంగుళాల్లో కొలిచే భాషను చేతికిస్తే, దాన్ని శ్రమపడి మళ్ళీ పిక్సెళ్ళలోకి దించుకున్న ఘనత ప్రపంచంలో ఇంకే వృత్తికి ఉందో నాకు తెలియదు.

కారణం వెతకడానికి దూరం వెళ్ళక్కర్లేదు. ప్రోగ్రామర్ బల్ల మీద చూడండి. 24 అంగుళాల మానిటర్లు రెండు, రెండూ 100 శాతంలో, పక్కన కాఫీ. అతని కళ్ళకు ఇంకా చత్వారం రాలేదు. టెస్టర్ బల్ల మీదా అవే మానిటర్లు, ఎందుకంటే కంపెనీ టోకున కొన్నది. డెమో రోజున క్లయింటుకు చూపించేదీ వాటి మీదే. ఆ మూడు బల్లల మధ్య ప్రోగ్రామ్ అద్భుతంగా పనిచేస్తుంది. తన ఒంటి కొలతతో ఊరందరికీ చొక్కాలు కుట్టి, పట్టనివాళ్ళను చిక్కమని చెప్పే దర్జీ దగ్గరికి రెండోసారి ఎవరూ వెళ్ళరు. సాఫ్ట్‌వేర్‌లో అతనికి సీనియర్ డెవలపర్ అని హోదా ఇస్తారు.

న్యాయంగా ఒక మాట అనాలి. 200 శాతం తేలిక, ఒక పిక్సెల్ స్థానంలో నాలుగు పెడితే సరిపోతుంది. 125 శాతం నిజంగానే తలనొప్పి. ఒక పిక్సెల్ మందం ఉన్న గీత 1.25 పిక్సెళ్ళు కావాలి. పావు పిక్సెల్‌ను ఏ తెరా వెలిగించలేదు. దగ్గరి పూర్ణాంకానికి సర్దితే పట్టికలో గళ్ళు ఒకటి వెడల్పు, ఒకటి ఇరుకు అవుతాయి. సర్దకపోతే గీత మసకేస్తుంది. 16 పిక్సెళ్ళ ఐకాన్ 20 కావాలి, 150 శాతంలో 24 కావాలి, ప్రతి కొలతకూ బొమ్మ విడిగా గీయించుకోవాలి. ఇవి నిజమైన కష్టాలే. అయితే గీత మందం దగ్గర ఓడిపోయినవాణ్ణి క్షమించవచ్చు. 'సరే' బటన్‌ను తెర బయట పాతిపెట్టినవాడికి ఆ కష్టంలో వాటా లేదు.

2007లో విండోస్ విస్టా వచ్చేసరికి మైక్రోసాఫ్ట్‌కు ఒక సత్యం బోధపడింది: ప్రోగ్రామర్లు మారరు. అందుకని ప్రోగ్రాములకు అబద్ధం చెప్పాలని నిశ్చయించుకుంది. 'నా తెర డీపీఐ ఎంత?' అని ప్రోగ్రామ్ అడిగితే అసలు అంకెతో సంబంధం లేకుండా 96 అని చెప్పడం. అది సంతోషంగా ఆ కొలతలో గీసి ఇచ్చిన బొమ్మను, తెర మీదికి తెచ్చేటప్పుడు సాగదీయడం. బటన్లు తెగిపోవు గాని అక్షరాలన్నీ కళ్ళజోడు తీసేసి చూసినట్టు ఉంటాయి. ఈ అబద్ధం వద్దనుకునే ప్రోగ్రామ్ 'నాకు డీపీఐ సంగతి తెలుసు' అని ఒక ముక్క ప్రకటిస్తే చాలు, సిస్టమ్ పక్కకు తప్పుకుంటుంది.

ఆ ఒక్క ముక్క చాలామందికి వరమైంది. మసకగా ఉందని ఫిర్యాదు వచ్చిందా, 'తెలుసు' అని ప్రకటించేయడం. నిజంగా తెలుసుకోవడమంటే ప్రతి కొలతా మార్చాలి, అది నెలల పని. ప్రకటించడం క్షణంలో అయిపోతుంది. మసక పోయింది, టికెట్ మూసేశారు, మేనేజర్ మెచ్చుకున్నాడు. మరుసటి వెర్షన్‌లో అక్షరాలు స్ఫుటంగా, భూతద్దం పెడితే తప్ప కనిపించనంత చిన్నగా వచ్చాయి. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మనం ఏడిస్తే, వాళ్ళ రికార్డులో మాత్రం కొండనాలుక సమస్య పరిష్కారమైనట్టే రాసి ఉంది.

ఆపైన 2013లో విండోస్ 8.1 ప్రతి మానిటర్‌కూ విడి స్కేలింగ్ తెచ్చింది. 2017లో విండోస్ 10కి వచ్చిన మార్పుతో దానికి రెండో కూర్పు వచ్చింది. అలా ప్రోగ్రాములకు నాలుగు చైతన్యావస్థలు ఏర్పడ్డాయి. ఏమీ తెలియనిది సుషుప్తి. లాగిన్ అయినప్పుడు ఒక్కసారి ముఖ్య తెరను చూసి, తర్వాత ఆ జ్ఞాపకంతోనే బతికేది స్వప్నం. ఏ మానిటర్ మీదికి వెళితే దాని కొలత తెలుసుకునేది జాగ్రదవస్థ. రెండో కూర్పు తురీయం, అక్కడికి చేరేది కొందరు యోగులే. మన ఆఫీసుల్లోని ప్రోగ్రాముల్లో ఎక్కువ భాగం స్వప్నంలో ఉన్నాయి. అందుకే ల్యాప్‌టాప్‌కి బయటి మానిటర్ తగిలించగానే సగం ప్రోగ్రాములు మసకేస్తాయి, 'సైన్ అవుట్ చేసి మళ్ళీ రండి' అని సందేశం వస్తుంది. తెరిచి ఉన్న పదిహేను ఫైళ్ళూ మూసి, బయటికి పోయి, లోపలికొచ్చి, సాయంత్రం మానిటర్ పీకాక మళ్ళీ అదే తంతు. మైక్రోసాఫ్ట్ సొంత ఆఫీసు ప్యాకేజీలోనే 'చక్కగా కనిపించడానికి', 'అనుకూలత కోసం' అని రెండు దారుల సెట్టింగ్ ఒకటి పెట్టారు. రెండూ ఒకేసారి కావాలనేవాడు అత్యాశాపరుడన్నమాట.

ఇంకా బాగు కావాలంటే వైద్యం మనమే చేసుకోవచ్చు. ప్రోగ్రామ్ గుర్తు మీద రైట్ క్లిక్. ప్రాపర్టీస్. కంపాటిబిలిటీ. అందులో డీపీఐ సెట్టింగ్స్ మార్చే బటన్. దాని లోపల ఒక టిక్కు. ఆ టిక్కు కింద మూడు మందులు: స్కేలింగ్‌ను అప్లికేషన్ చేయాలా, సిస్టమ్ చేయాలా, 'మెరుగుపరిచిన' సిస్టమ్ చేయాలా? ఇది అడుగుతున్నది ఎవరిని? పద్దులు రాసుకునే గుమాస్తాని, మార్కులు ఎక్కించే టీచరమ్మని. తప్పు చేసినవాడు ఒకచోట, సర్దిన సిస్టమ్ మరోచోట ఉండగా, తీర్పు చెప్పే భారం మాత్రం ఏ పాపమూ ఎరగనివాడి మీద పడింది. మూడూ ఒక్కొక్కటిగా నొక్కి చూసి, ఏది తక్కువ అసహ్యంగా ఉంటే దాన్ని ఖాయం చేసుకోవడమే మిగిలింది.

మ్యాక్ వాడే మిత్రులు ఇక్కడ చిరునవ్వు నవ్వుతారు. నవ్వనివ్వండి. 2012లో రెటీనా మ్యాక్‌బుక్ వచ్చినప్పుడు ఆపిల్ తెలివైన పని చేసింది: అయితే ఒకటి, లేకుంటే రెండు, మధ్యలో బేరం లేదు. తెరలూ తనవే, ప్రోగ్రాములకు నియమాలూ తనవే కాబట్టి చెల్లింది. మీరు బయటి కంపెనీ 27 అంగుళాల 4కె మానిటర్ తగిలించి మధ్యస్థంగా కావాలన్నారనుకోండి, అది 5120 బై 2880 కొలతలో పెద్ద బొమ్మ గీసి, దాన్ని 3840 బై 2160కి కుదించి చూపిస్తుంది. సాగదీసే బదులు నొక్కడం, తేడా అంతే. మామూలు మానిటర్ల మీద అక్షరాలను నునుపు చేసే పాత పద్ధతిని 2018లో మ్యాక్ఓఎస్ మొహావీ నుంచి ఆపేశారు. అక్షరం పేలవంగా ఉందంటారా? మంచి మానిటర్ కొనుక్కోండి. ఎవరి దుకాణంలోనో వేరే చెప్పాలా?

లినక్స్ ఊళ్ళో ఎవరికి వారే యమునా తీరే. తెర మీద బటన్లు గీసిపెట్టే జీటీకే లైబ్రరీ వాళ్ళకు చాలాకాలం పూర్ణాంకాలే తెలుసు. అదే పని చేసే క్యూటీ వాళ్ళ దగ్గర తిప్పుకోవడానికి బోలెడు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ఉన్నాయి. వేలాండ్‌లో భిన్నాలకు చోటిచ్చే ప్రోటోకాల్ 2022 చివరికి వచ్చింది. పెరుగుట నేర్చిన ప్రోగ్రాముల పక్కనే పాతవి యథావిధిగా మసకేస్తాయి, మసకెందుకని అడిగితే సోర్స్ కోడ్ ఇస్తారు.

తెలుగు సంగతికి వద్దాం, ఎందుకంటే ఈ స్కేలింగ్ కత్తెర అందరికన్నా ముందు కోసేది మన అక్షరాన్నే. విండోస్ ఫార్మ్స్‌లో బటన్ పెట్టగానే దానికి వచ్చే కొలత 75 బై 23 పిక్సెళ్ళు. 9 పాయింట్ల అక్షరం 100 శాతంలో 12 పిక్సెళ్ళు, 150 శాతంలో 18. అక్షరం పెరిగి పెట్టె పెరగకపోతే, ఇంగ్లీషు అక్షరం ఆ 23లోనే ఎలాగో ముడుచుకుంటుంది. తెలుగు అక్షరం నెత్తిన గుడి, కింద ఒత్తు పెట్టుకుని వస్తుంది. కత్తెర పడేది ఒత్తు మీద. 'రద్దు' కాస్తా 'రదు' అవుతుంది. పేర్ల జాబితాలో వరసల ఎత్తు కూడా పిక్సెళ్ళలోనే బిగించి ఉంటే ఈశ్వర్ 'ఈశర్' అవుతాడు, పద్మ 'పద' అవుతుంది. ఆవిడను ప్రోగ్రామే బయటికి తరిమేసినట్టు.

మసక దెబ్బ కూడా మనకే ఎక్కువ. ద, ధల మధ్య తేడా కింద ఒక చిన్న గీత. ధ, థల మధ్య లోపల ఒక చుక్క. సాగదీసిన బొమ్మలో ఆ గీతా చుక్కా పక్కవాటిలో కలిసిపోతాయి. మన డీటీపీ సెంటర్లలో పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు ఇప్పటికీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చే చోట్లు ఉన్నాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7, 2001 నాటిది. దాన్ని తప్పుపట్టడం అన్యాయం, అది పుట్టేనాటికి విస్టానే లేదు. కొత్త ల్యాప్‌టాప్ కొన్న డీటీపీ అన్నయ్య దాన్ని 150 శాతంలో తెరిస్తే వచ్చేది పొగమంచు. అందులో ప్రూఫు చూడటం కంటే పాత సీపీయూకి దుమ్ము దులపడం నయమని అతనికి తెలుసు. తెలియనిదల్లా, నిన్నగాక మొన్న రాసిన ప్రోగ్రాములు కూడా అదే పొగమంచులో ఎందుకున్నాయని.

మొదట చెప్పిన 'సరే' బటన్ ఎలా మాయమైందో లెక్క ఇది. ఫుల్ హెచ్‌డీ ల్యాప్‌టాప్ ఎత్తు 1080 పిక్సెళ్ళు. 150 శాతానికి పెంచితే ప్రోగ్రామ్‌కి మిగిలే ఎత్తు 720. మన దగ్గర ఇంకా ఎన్నో బల్లల మీదున్న 1366 బై 768 ల్యాప్‌టాప్‌ను 125 శాతానికి పెంచితే మిగిలేది 614. అందులోంచి టాస్క్‌బార్ తన వాటా తీసుకుంటుంది. ప్రోగ్రామర్ తన తెర మీద 750 ఎత్తున డైలాగ్ గీసి, దాన్ని సాగదీయడానికి గాని, స్క్రోల్ చేయడానికి గాని వీల్లేకుండా తాళం వేశాడు. బటన్లు ఎక్కడుంటాయి? అట్టడుగున. ఈ మాత్రం భాగహారం ఐదో తరగతి పిల్లలు చేస్తారు.

ఆ తర్వాత కంపెనీ సపోర్టుకు ఫోన్ చేస్తాం.

"మేడమ్, మీ స్కేలింగ్ ఎంతలో ఉంది?"

"150 శాతం అండీ."

"అదేనండీ ప్రాబ్లమ్. 100కి మార్చుకోండి."

"మారిస్తే నాకు అక్షరాలు కనిపించవు బాబూ."

"కానీ బటన్ కనిపిస్తుంది మేడమ్."

ఇంతకుమించిన సమాధానం దొరకదు. నలభై దాటిన మనిషి కళ్ళు ప్రోగ్రామ్‌కి అనుకూలంగా లేవు కాబట్టి కళ్ళు సర్దుకోవాలి. కొందరు సర్వీసు కుర్రాళ్ళు దీనికి ఇంకో కిటుకు కనిపెట్టారు: రిజల్యూషన్‌నే తగ్గించేయడం. ఫుల్ హెచ్‌డీ తెరకు డబ్బు కట్టి, దాన్ని 1280 బై 720లో నడపడం. ఒక ప్రోగ్రామ్ మసకేస్తోందని తెర మొత్తాన్ని మసకేయడం సమన్యాయమే. చాలాకాలం మన ప్రభుత్వ వెబ్‌సైట్ల అడుగున '1024 బై 768లో చూస్తే బాగుంటుంది' అని రాసేవారు. వాళ్ళను చూసి తెగ నవ్వుకున్నాం. వాళ్ళు కనీసం ఆ మాట పైకి చెప్పారు.

ఈ విషయంలో బ్రౌజర్ అందరి సాకులనూ బయటపెట్టింది. కంట్రోల్, ప్లస్ నొక్కితే పేజీ పెరుగుతుంది, వాక్యాలు కిందికి మడుచుకుంటాయి, పక్క పెట్టెలు జరిగి చోటిస్తాయి. అక్కడి పిక్సెల్ కూడా నిజం పిక్సెల్ కాదు, అంగుళంలో 96వ వంతుగా నిర్వచించుకున్న కొలత. అంటే మనం ఇందాకటి నుంచీ తిడుతున్న ఆ 96తోనే, కొలతగా వాడుకుంటే, సంసారం చక్కగా చేయవచ్చు. ఇప్పుడు కొందరు డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌లోకి బ్రౌజర్‌ను మొత్తంగా ఎక్కించి, వందల మెగాబైట్ల మెమరీ మింగించి, అందులో రెండు బటన్లు పెడుతున్నారు. బటన్లు మాత్రం సరిగా పెరుగుతాయి. లేఅవుట్ నేర్చుకోవడం కంటే క్రోమియం బ్రౌజర్‌ను మోయించడం వాళ్ళకు చవకగా తోచింది. ఆ బరువు మోసే ర్యామ్‌కి డబ్బు కట్టింది మనం కదా.

ప్రోగ్రామర్ మహాశయులకు విన్నపం చిన్నదే. అక్షరం కొలిచి పెట్టె కట్టండి, పెట్టె కట్టి అక్షరాన్ని అందులో కుక్కకండి. ప్రతి డైలాగునూ సాగనివ్వండి, లేదా స్క్రోల్ బార్ ఇవ్వండి. 'డీపీఐ తెలుసు' అని ప్రకటించే ముందు తెలుసుకోండి. విడుదలకు ముందు ఒక్క పూట, ఆఫీసులో అందరికంటే పాత ల్యాప్‌టాప్‌ను 150 శాతంలో పెట్టి, తెలుగు పేర్లున్న జాబితా తెరిచి, ల్యాప్‌టాప్‌కి వేరే స్కేలింగ్ ఉన్న మానిటర్ తగిలించి, కిటికీని అటూ ఇటూ లాగి చూడండి. కనిపించేవి చూసి సిగ్గుపడితే ఆ వెర్షన్ విడుదల ఆపండి.

పాఠకులకూ ఒక మాట. బటన్ కనిపించనప్పుడు మీ కళ్ళనూ మీ కంప్యూటర్‌నూ తిట్టుకోకండి. తెరను ఫొటో తీయండి, తెర కొలత, స్కేలింగ్ శాతం రాయండి, డబ్బు తీసుకున్నవాళ్ళకు పంపండి. '100 శాతానికి మార్చుకోండి' అని జవాబొస్తే ఆ ఫిర్యాదును మూయనివ్వకండి. మళ్ళీ తెరిపించండి.